మూడో పిలుపుదాకా ఆగాను

దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. నాలుగో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కినదాన్ని. చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారని ఎవరైనా అంటే, వచ్చి ఏం పని చేసిపెడతారని అడిగే రకం. వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు దవాఖానకు తీసుకుపొమ్మని కసిరేదాన్ని. ఇది చదివి ముసలిదానికి మతి తప్పిందనుకోకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. మా ఇంటాయన పోయి ఐదేళ్ళయింది. బతికినన్నాళ్ళూ గళ్ళ కాగితం మీద డిజైన్లు గీసేవాడు. మొత్తం నూట పన్నెండు. ఆయన ఉండగానే మా కోడలు సుజాత వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తర్వాత ఒక వానాకాలం ఇంట్లోకి వరద వచ్చి కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఆయన చేతిపని ఆ ఒక్క కంప్యూటర్‌లోనే మిగిలింది. మా నాలుగు మగ్గాలు ఆ డిజైన్ల మీదే నడుస్తాయి.

సుజాత నన్ను చాలాసార్లు అడిగింది.

"అత్తమ్మా, బయట పెట్టుకునే డిస్కు ఒకటి కొందం. ఇవన్ని అండ్ల గూడ దాస్త. వైరస్ రాకుండ చూసేదాని గడువు గూడ అయిపోయింది."

"ఉన్న బియ్యానికి రెండు డబ్బాలెందుకే?" అన్నాను.

కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నడిపించే పెట్టె ఒకటుండేది. దాని బ్యాటరీ చచ్చిపోతే అదీ మార్చనివ్వలేదు.

ఆ రోజు మంగళవారం. మగ్గాల మీది వాళ్ళు అన్నానికి పోయారు. ఇల్లంతా చప్పుడు లేదు. నేను వంటింట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ముందుగదిలోంచి సుజాత చెప్పింది, "హైదరాబాద్ సేటు మెయిల్ పెట్టిండు అత్తమ్మా. కొత్త ఆర్డరంట, అర్జంటంట."

"సూడు మరి, నన్నడుగుతవేంది?"

ఆ మాట అన్నది నేనే. అది కూడా రాయాలి కదా.

ఆమె ఆ మెయిల్‌తో వచ్చిన ఫైలు తెరిచింది. అది ఏదో అనుమతి అడిగింది. తెలిసిన మనిషి పేరే ఉందని అవునని నొక్కింది. ఏమీ కనిపించలేదు. కంప్యూటర్ పాతది కదా, మెల్లగా తెరుచుకుంటుందిలే అనుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

అప్పుడు వెనక వాకిట్లోంచి పిలుపు వినిపించింది. "లచ్చీ."

నా పేరు లక్ష్మి. వాడకట్టుకంతా లచ్చక్కను. లచ్చీ అని పిలిచిన మనిషి లోకంలో ఒక్కడే.

గోడ గడియారం చూశాను. పన్నెండూ ఇరవై. నేను పలకలేదు. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. కంటికి కనిపించనివాళ్ళు పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుదాకా పలకకూడదు. చెడుగాలి అయితే మూడోసారి పిలవదట. నేను నమ్మను. కానీ చిన్నప్పుడు మా అమ్మ నోటి మీద కొట్టి నేర్పిన అలవాటు అది. నోరు దానంతటదే మూసుకుపోయింది.

"లచ్చీ!"

ఈసారి గొంతు దగ్గరికొచ్చింది. కోపం కూడా ఉంది అందులో. నా చేతిలోని చింతపండు పిడికిట్లో నలిగిపోయింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ అక్కడే కూర్చున్నాను. గడియారంలో పెద్దముల్లు ఒక గీత జరిగింది. ఇంకొకటి జరిగింది. నాలుగు గీతలు జరిగేదాకా మళ్ళీ ఏమీ వినబడలేదు.

"లచ్చీ! పోగు తెగింది, ఆపు!"

ఆ మాట నాకు కొత్త కాదు. జంపఖానా మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని నేసేవాళ్ళం. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపాలి. చూసుకోకుండా నేస్తే ఆ తప్పు కొసదాకా పోతుంది. ఆయన అట్లా అరిస్తే ఎందుకు, ఎక్కడ అని అడిగేదాన్ని కాదు. ముందు చెయ్యి ఆపేదాన్ని.

"ఆపిన!" అంటూ వెనక్కి ఉరికాను. వాకిట్లో ఎవరూ లేరు. వెనక తలుపు గడియ లోపలినుంచే వేసి ఉంది. ఆపడానికి అక్కడ మగ్గం కూడా లేదు. ఎదురుగా గోడ మీద మెయిన్ స్విచ్ ఉంది. కిందికి గుంజేశాను.

లోపలినుంచి సుజాత కేక. "మళ్ళ కరెంటు తీసినవా అత్తమ్మా? నీకు బిల్లు మీదున్న ప్రేమ మా మీద లేదాయె!" అంటూ వచ్చి, నా ముఖం చూసి ఆగిపోయింది.

ఇంతలో పక్కింటి ఖైరున్ గోడ మీదుగా తొంగిచూసింది. "పెద్దమ్మా, మీ ఇంట్లకు ఎవరొచ్చిండ్రు? ఎవరో మొగాయన పోగు తెగింది, పోగు తెగింది అని ఒర్లుతాండు?"

ఖైరున్ వాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చి రెండేళ్ళు. మా ఆయన గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

సుజాత ఫోన్ మోగింది. సేటు. "అమ్మా, నా పేరు మీద ఏదైన మెయిలొస్తె తెరవకుండ్రి. నేను పంపలె. పొద్దుగాల్నుంచి నా కంప్యూటరే ఖతమైంది."

స్విచ్ మళ్ళీ వేయలేదు. హన్మకొండ నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ను పిలిపించాం. ఆయన మా కంప్యూటర్ విప్పి, లోపలి డిస్కు తీసి తన మిషన్‌కు తగిలించాడు. సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"బొమ్మలు పెద్దయి, కంప్యూటర్ పాతది, గందుకే మెల్లగ నడిసింది," అన్నాడాయన చివరికి. "మెయిల్‌ల వచ్చిన వైరస్ మొదటిసంది ఒక్కొక్క బొమ్మకు తెరవరాకుండ తాళమేసుకుంట పోయింది. ముప్పై ఏడు పోయినయి. డెబ్బై ఐదు మంచిగున్నయి. మొదటి తాళం పన్నెండూ ఇరవైకి పడ్డది. ఎవలు బంద్ చేసిండ్రు గని, మంచి పని చేసిండ్రు. కరెంటు పోయినా నడిపే పెట్టె సుత పని చేయకపాయె, లేకుంటె స్విచ్ తీసినా ఆగకపోవు."

"గా బ్యాటరీ కొననియ్యలేదని సంబురపడకు అత్తమ్మా," అంది సుజాత, కళ్ళు తుడుచుకుంటూ.

పోయిన ముప్పై ఏడూ మొదటివి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన గీసినవి. వాటి తాళం తీయడం ఎవరి వల్లా కాలేదు.

మరునాడే డిస్కు కొనిచ్చాను. వైరస్ రాకుండా చూసేదానికి కూడా మళ్ళీ డబ్బు కట్టించాను. ఇప్పుడు సుజాత ఎంత తెలిసిన పేరుతో మెయిల్ వచ్చినా, ముందు ఆ మనిషికి ఫోన్ చేసి అడిగాకే ఫైలు తెరుస్తుంది. మీరూ అట్లే చేయండి. నాలాగా పిసినారితనం చేయకండి.

డోర్నకల్‌లో పని చేసే మా కొడుకు ఇంటికొచ్చి, భ్రమపడ్డావమ్మా అన్నాడు. భ్రమే అయితే గోడ అవతలి ఖైరున్‌కు ఎందుకు వినబడింది? కంప్యూటర్ అన్నది ముట్టి ఎరగని మనిషి పన్నెండూ ఇరవైకే ఎట్లా పిలిచాడు? ఆలోచించీ ఆలోచించీ విడిచిపెట్టాను. నాకు తెలియదు.

మొదటి పిలుపుకే లేచి ఉంటే ఆ ముప్పై ఏడూ దక్కేవి. ఇది మాత్రం తెలుసు. ఇప్పుడు ఎవరు పిలిచినా, ఎటు దిక్కునుంచి పిలిచినా, మొదటిసారికే పలుకుతున్నాను. పాలవాడు, చుట్టాలు, వాకిట్లో ఎవరున్నా సరే.

ఆ గొంతు మళ్ళీ రాలేదు.