ఎలుగుబంటి కడుపులో పాప

మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే, ఆ పచ్చివాసనకి కెనడాలో మేం మొదట ఉన్న ఎటోబికో లైబ్రరీ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ కాలేజీలో చదువుతూ పార్ట్‌టైమ్ చేసేది. నాన్నకి పక్కనున్న వాన్ అనే ఊళ్ళో వేర్‌హౌస్ పని. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ అక్కలూ షిఫ్టులకి పోయేవాళ్ళు. శనివారం అమ్మ నన్ను లైబ్రరీలో రంగులతో బొమ్మలేసే క్లాసులో దింపి పనికెళ్ళేది.

క్లాసు చెప్పే మిస్‌ది అనిషినాబే తెగ. ఈ నేల మీద మొదట్నుంచీ ఉన్నవాళ్ళు. ఆవిడ ఎలుగుబంటిని గీస్తే దాని కడుపులో చేపలు కూడా కనిపించేవి. ఆవిడకి అందరి లోపలా కనిపిస్తుందనుకున్నాను. స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడరని తెలిసిపోతుందేమోనని జాకెట్ విప్పేదాన్ని కాదు.

"ఉక్కగా లేదూ? విప్పెయ్" అందావిడ.

"వద్దు మిస్, లోపల కనిపిస్తుంది."

ఆవిడ నవ్వలేదు. "నాకేం కనిపించదు. మా అమ్మమ్మని చిన్నప్పుడే ప్రభుత్వం వాళ్ళు ఇంట్లోంచి తీసుకెళ్ళి స్కూల్లో పెట్టారు. మా భాష మాట్లాడితే కొట్టేవాళ్ళు. ఆవిడ లోపల దాచుకున్నవే ఈ బొమ్మలు. ఎవరి లోపలిది వాళ్ళే గీసి చూపించాలి."

నేను ఎలుగుబంటి కడుపులో ఒంటరిగా కూర్చున్న పాపని గీశాను. పాప పేరేంటని అడిగితే నా పేరే చెప్పాను. సరిగ్గా వచ్చేదాకా ఆవిడ మళ్ళీ మళ్ళీ పలికింది.

సాయంత్రం అమ్మ బొమ్మ చూసి, "ఎలుగుబంటి కడుపుతో ఉందా తల్లీ?" అంది.

అవునన్నాను. బస్సులో అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తన లోపల ఏముందో గీయమని అమ్మని ఎవరూ అడిగి ఉండరని ఇప్పుడనిపిస్తుంది.