భోజన్న మీసం

భోజన్న రోజూ పొద్దున టీ కంటే ముందు మీసానికి కొబ్బరినూనె రాస్తాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌కు మేస్త్రీ పనికి వచ్చిన ఏడాదిలో ఈ అలవాటు ఒక్కరోజూ తప్పలేదు. ఎండకు ముఖం మాడింది, సిమెంటుకు వేళ్లు పగిలాయి. చెంపల దాకా పాకిన మీసం మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. తొంభై ఒకటి జనవరిలో ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. విషవాయువు వదులుతారేమోనని క్యాంపులో అందరికీ మాస్కులు పంచారు. భోజన్న మాస్కు మీసం అడ్డొచ్చి చెంపలకు అతుక్కోలేదు. “మూఛ్ నికాలో,” అన్నాడు పాకిస్తానీ ఫోర్‌మన్. భోజన్న ససేమిరా అన్నాడు. వాళ్లింట్లో తండ్రి పోతేనే మీసం తీస్తారు.

“మా బాపు సల్లగున్నడు. ఎట్ల తియ్యాలెరా?” అని గదిలో ఉండే స్వామిని అడిగాడు.

“తియ్యకపోతె నువ్వే పోతవ్ అన్నా. అప్పుడు నీ కొడుకు తియ్యాలె.”

“వానికింక మొలవనే లేదురా!”

ఆ మధ్యాహ్నం సైరన్ మోగింది. అది ఆగేసరికి భోజన్న కత్తెర వెతుకుతున్నాడు. రెండు రోజులకు వాళ్ల ఊరివాడే, లారీ డ్రైవర్ సదానందం, రోడ్డు మీద పోతూ భోజన్న బోడి మూతిని చూశాడు. లారీ ఆపే వీల్లేక, భోజన్న ఇంటికి పరామర్శిస్తూ ఉత్తరం రాశాడు. దాన్ని చదివించుకుని విన్నది భోజన్న తండ్రే. మార్చిలో కొడుకుకు ఆయన ఉత్తరం వచ్చింది.

“నేనింక సావలేరా. మీసం పెంచు.”

అప్పటికి అది అర అంగుళం పెరిగింది.