విత్తనానికి వదిలిన కాయ

మా అత్తగారు పోయినరోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వీధిలో ఆడవాళ్ళే మా దొడ్లో గాడిపొయ్యి తవ్వి, సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చిన వాళ్ళందరికీ అన్నం, చారు వండేరు. పాడు ఆకలి, ఎవరు పోయినా ఆగదు కదా. నేనూ తిన్నాను. చారు పుల్లపుల్లగా, అచ్చం ఆవిడ కాచినట్టే ఉంటే ఇంకో గరిటె వేయించుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్న చూస్తే టమాటా మొక్కలు బోడిగా ఉన్నాయి. విత్తనానికి వదిలిన కాయల్ని ఎవరూ తెంపకుండా ఆవిడ తన పాత చీర పేలికలు గుర్తు కట్టేవారు. ఆ పేలికలు మొక్కల మొదళ్ళలో పడున్నాయి. కాయలు చారులోకి పోయేయి. నా నోటికి మా వీధంతా దడుస్తుంది గానీ, కష్టంలో వచ్చి వండిపెట్టినవాళ్ళని ఏమని అంటాను?

అవి బజారు కాయలు కావు. ఒళ్ళంతా గాడులు తేలి, తోలు పల్చగా, కోస్తే చెయ్యంతా పులుపు. ఆవిడ పెళ్ళైన కొత్తలో ఉప్పలగుప్తం దగ్గర పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. ఏటా గింజల్ని బూడిదలో పొర్లించి, పిడకకి అద్ది ఎండేసేవారు. ఆ యేడు పాత గింజలన్నీ చల్లేసేరు, కొత్తవి వస్తాయి కదా అని. నేను వాళ్ళ పుట్టింటికి ఫోన్ చేస్తే, ఆ దొడ్లు రొయ్యల చెరువులైపోయి చాన్నాళ్ళయిందన్నారు. ఉప్పు నేలలో టమాటా ఏం బతుకుతుంది? ఇంక ఆ విత్తనం ఎక్కడా లేదు. ఆఖరిది మేమే తినేశాం.

ఆ తరవాతే వాసన మొదలైంది. టమాటా ఆకు నలిపితే వచ్చే పచ్చి ఘాటు. మొక్కలు ఎండిపోయి, పీకేసి, మడి చదును చేసేశాక కూడా, సాయంత్రం గిన్నెలు తోముకుంటుంటే నా వెనకాల వచ్చేది. ఆవిడ చేతుల వాసన అది. వెనక్కి తిరిగేదాన్ని కాదు. నాకేం భయం లేదని బొంకను, భయమే. మా ఆయనతో చెప్తే ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకున్నాను. వాసన పోలేదు. ఓరోజు మావయ్యగారు పెరటి గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, మీ అత్త మొక్కలకి నీళ్ళు పెడుతున్నట్టుందమ్మా అన్నారు, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా.

అమలాపురం కొట్లో నాటు రకమంటే గింజలు తెచ్చి వేసేను. రబ్బరు బంతుల్లా కాసేయి. మావయ్యగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని కంచం పక్కన పెట్టేసేరు. ఏం వండినా అంతే, రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. మనిషి చిక్కి సగమైపోయేరు. ఆ విత్తనం దొరికితే ఈయన దక్కుతారని నాకో పిచ్చి పట్టుకుంది.

సమాధుల పండగొచ్చింది. వానలకి ఆవిడ సమాధి కుంగిపోయింది. మాలో అయితే ఇంటి మట్టే తీసుకెళ్ళి పోస్తారు. దొడ్లో మెరక ఉన్నది పెంటపోగు పక్కనే కాబట్టి, అక్కడి మట్టంతా బుట్టలకెత్తి మోసేం. కుళ్ళిన కాయలు ఆవిడ అక్కడే విసిరేవారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పండగ తరవాత అటు వెళ్ళలేదు. ఆవిడ పోయి ఏడాదైన రోజు పొద్దున్న మావయ్యగారూ నేనూ పువ్వులు పట్టుకుని వెళ్ళేం. శిలువ పక్కన టమాటా మొక్క. మేకలు కొరికెయ్యగా మిగిలిన కొమ్మకి ఒకే ఒక్క పండు, గాడులు తేలి, ఎర్రగా. మట్టితోనే వచ్చిందని బుర్రకి తెలుసు. ఒళ్ళు ఒప్పుకోవద్దూ?

సమాధి మీద కాసింది తినకూడదంటారు. విత్తనానికైతే దోషం లేదనుకుని కొంగు పట్టి వంగేను. ఈలోపే మావయ్యగారు తెంపేసేరు. లాల్చీకి తుడిచి కొరికేరు.

"వద్దండి మావయ్యగారూ, విత్తనమండీ. ఇదొక్కటే ఉంది."

ఆయన ఆగలేదు. రసం గడ్డం మీంచి కారుతుంటే అరచేత్తో తుడిచి అదీ నాకేసేరు. నోట్లోది మింగేక నావైపు చూసేరు. కళ్ళనిండా నీళ్ళు.

"బతికున్నన్నాళ్ళూ మంచి కాయలన్నీ విత్తనానికే దాచిందమ్మా. నాకెప్పుడూ పుచ్చులూ, పగుళ్ళే. ఇది నాకు పంపింది."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన ఆ సమాధి గట్టు మీదే కూర్చుని, ఒక్క గింజ కూడా మిగల్చకుండా తిన్నారు.