మూడో ప్రకటన నాటి ఫ్యూజు

నాకు కరెంటు పని వచ్చని నాకు నేనే చెప్పుకున్నాను. వేరే ఎవరూ చెప్పలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనకాపల్లిలో నేను అద్దెకున్న వీధిలో ఎవరింట్లో దీపాలు ఆరిపోయినా, టార్చిలైటు పట్టుకుని పిలవకుండానే వెళ్లి ఫ్యూజు కట్టేవాణ్ణి. అందరూ ఒక పోగు తీగ చుట్టే చోట నేను నాలుగైదు పోగులు మెలేసి చుట్టేవాణ్ణి. నేను కట్టిన ఫ్యూజు మళ్లీ పోయేది కాదు. దాని బదులు టీవీయో మోటారో పోయేది. ఆ పాపం కరెంటు ఆఫీసు వాళ్ల ఖాతాలో పడేది కాబట్టి నా పేరుకేం ఢోకా ఉండేది కాదు.

అప్పట్లో నా ఉద్యోగం పురుగుమందుల కంపెనీలో. బుచ్చయ్యపేట, దేవరాపల్లి వైపు చెరకు రైతుల దగ్గరకు తిరగాలి. అందుకోసం ఒక పాత మోటారుసైకిలు కొన్నాను. నాకంటే ముందు దాన్ని ఎంతమంది నడిపారో దానికీ తెలియదు. ఆ బండి మీద తిరుగుతుండగానే మా చర్చిలో ఒక అమ్మాయితో సంబంధం కుదిరింది.

అమ్మాయి వాళ్ల నాన్నగారు సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. నా గురించి ఆయన చెయ్యని వాకబు లేదు. ఇంటి యజమానిని అడిగారు, నేను టిఫిను తినే హోటల్లో అడిగారు, చివరికి నేను క్షవరం చేయించుకునే సెలూన్లో కూడా కూర్చుని అడిగారట. నాకు కోపం రాలేదు. పెద్దమ్మాయికి ఎంతో మంచివాడని తెచ్చిన అల్లుడు తాగుబోతని పెళ్లయ్యాక తెలిసింది. రెండేళ్లకే ఆవిడ బట్టల పెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. రెండో కూతురి విషయంలో ఆయన అలా భయపడడంలో తప్పేముంది?

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆరాధన మధ్యలో పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చెప్పి, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమని అడుగుతారు. ఎవరూ లేవరు. అందరూ ఒక్కసారి దగ్గుతారు, పాట మొదలవుతుంది.

మొదటి ప్రకటన అయిన వారంలోనే నా బండి ఫ్యూజు పోయింది. చిన్న గాజు గొట్టంలో సన్నటి తీగ, అంతే దాని బతుకు. కొత్తది వేశాను. మర్నాటికి అదీ పోయింది. ఇంకోటి వేస్తే ఇంకోటి పోయింది. దేవరాపల్లిలో ఒక రైతు నా అవస్థ చూసి, సిగరెట్టు పెట్టెలో ఉండే వెండి కాగితం చింపి, కాలిపోయిన ఫ్యూజుకు చుట్టి పెట్టాడు. బండి స్టార్టయింది. ఇంత చదువు చదివి ఈ చిట్కా తెలుసుకోలేకపోయానే అని సిగ్గుపడాల్సింది పోయి, అప్పటికప్పుడే అది నా సొంత విద్య అయిపోయింది.

వెండి కాగితం కూడా రెండు రోజులకోసారి కాలిపోతూనే ఉండేది. అందుకని మా వీధి చివర కిళ్లీ కొట్టువాడితో ఒప్పందం చేసుకున్నాను. ఖాళీ పెట్టెలు వాడు దాచి ఉంచేవాడు. నేను రోజూ సాయంత్రం వెళ్లి జేబుల నిండా కుక్కుకుని, బండి పక్కనుండే డబ్బాలో పడేసుకునేవాణ్ణి. సంఘ పెద్దకు కాబోయే అల్లుడు కిళ్లీ కొట్టు ముందు నిలబడి జేబుల్లో సిగరెట్టు పెట్టెలు పెట్టుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. మా చర్చి స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడకు తట్టింది.

రెండో ప్రకటన నాటికి చర్చిలో సగం మంది నా మొహం మానేసి నా పెదాలు చూస్తున్నారు. ఆ సాయంత్రం కాబోయే మావయ్యగారు నా గదికి వచ్చారు. ఎప్పుడూ దూరంగా కుర్చీలో కూర్చునే మనిషి ఆ రోజు నా పక్కనే మంచం మీద కూర్చున్నారు.

“ఆరోగ్యం బాగుంటంది గదా బాబూ?” అన్నారు, గట్టిగా గాలి పీలుస్తూ.

“బాగుందండి మావయ్యగారూ.”

“దగ్గూ గట్రా ఏటీ లేదు గదా?”

“లేదండి.”

ఆ క్షణంలో ఫ్యూజు సంగతి చెప్పేస్తే సరిపోయేది. కానీ కాగితం కోసమే సిగరెట్టు పెట్టెలు ఏరుకుంటున్నానంటే నమ్మేదెవరు? పైగా, వీధి వీధంతా వెలిగించిన నన్ను ఒక చిన్న గాజు గొట్టం ఓడించిందని ఒప్పుకోవాలి. అంతకంటే సిగరెట్లు తాగుతానని ఒప్పుకోవడమే నయమనిపించింది. ఆయన వెళ్లిపోయాక ఇక కిళ్లీ కొట్టు మొహం చూడకూడదని తీర్మానించుకున్నాను. ఇంటి వైరింగులో మిగిలిన రాగి తీగ తీసి, పోగులన్నీ కలిపి పేని, ఫ్యూజు ఉండాల్సిన చోట బిగించాను. “ఇంక పోయే ప్రసక్తే లేదు,” అని గోడకు చెప్పాను.

నిజంగానే పోలేదు. సీటు కింద వేడిగా ఉండేది. ఎండ అనుకున్నాను. ప్లాస్టిక్కు కాలుతున్న వాసన వచ్చేది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. నేను ఎక్కడికి వెళితే అక్కడే వాళ్లు చెత్త ఎందుకు తగలబెడుతున్నారో ఆలోచించలేదు.

మూడో ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని, చర్చి కిటికీ కింద బండి ఆపి, హ్యాండిలు ఎడమ పక్కకు తిప్పి తాళం వేసి లోపలికి వెళ్లాను. మావయ్యగారు ఆ కిటికీ పక్కనే కూర్చున్నారు. అమ్మాయి, వాళ్లక్క ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఉన్నారు. పాస్టరుగారు ప్రకటన చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగారు.

మావయ్యగారు లేచి నిలబడ్డారు.

ఆ ప్రశ్నకు ఒక మనిషి లేవడం మా సంఘంలో ఎవరూ చూసి ఎరగరు. దగ్గబోయినవాళ్లు దగ్గు మింగేశారు. పాస్టరుగారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. నిజం చెబుతున్నాను, ఆ అమ్మాయి నాకు దక్కదేమోనని ఏడుపొచ్చింది. అంతవరకూ ఆ అమ్మాయి నాకు అంత కావాలని నాకే తెలియదు.

“అభ్యంతరం కాదండి అయ్యగారూ,” అన్నారు మావయ్యగారు. “అబ్బాయి బండి పొగలేత్తంది. కాలిపోతన్నట్టుంది.”

పాటల బృందంతో సహా అందరం బయటకు పరుగెత్తాం. ప్రహరీ కట్టడానికి తెచ్చిన ఇసుక ఎవరో దోసిళ్లతో తెచ్చి చల్లారు. నేను సీటు ఎత్తి, వీరుడిలా వట్టి చేత్తో రాగి తీగ పట్టుకుని లాగాను. అది నా వేళ్ల తోలు కొంచెం ఉంచుకుని మిగతా నన్ను వదిలేసింది. పొగ తగ్గాక చూస్తే, హ్యాండిలు మెడ దగ్గర వైర్ల పైతోలు అరిగిపోయి లోపలి రాగి కనిపిస్తోంది. హ్యాండిలు తిప్పి తాళం వేసినప్పుడల్లా అది ఇనుముకు నొక్కుకుంటోంది. బండి ఆపినప్పుడల్లా ఫ్యూజు ఎందుకు పోతోందో అప్పుడు తెలిసింది నా మట్టిబుర్రకు.

ఆ గొడవలో పక్క డబ్బా మూత ఊడి, సిగరెట్టు పెట్టెలన్నీ చర్చి ఆవరణలో చెల్లాచెదురుగా పడ్డాయి.

“సూసేరా, నాను సెప్తే నమ్మలేదు!” అంది స్త్రీల సమాజం పెద్దావిడ.

మావయ్యగారు వంగి ఒక పెట్టె తీశారు. “ఏటి బాబూ ఇయ్యి?”

మొత్తం చెప్పాను. డబ్బా అడుగున మిగిలిన పాత కాలిన ఫ్యూజు తీసి చూపించాను, దాని చుట్టూ వెండి కాగితం ఇంకా అంటుకునే ఉంది. మీరు వాసన చూడ్డానికి వచ్చారని భయపడి రాగి తీగ వేశానని కూడా చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. పాస్టరుగారు కూడా అటు తిరిగి నవ్వుకున్నారు. మావయ్యగారు నవ్వలేదు.

“నువ్వు తాగవని నమ్మేను,” అన్నారు. “కానీ ఫ్యూజు ఎందుకు పోతందో సూడకుండా, పోకుండా ఉండేలా సేసేవు. నాకు తెలీకూడదని సేసేవు. రేపు నా పిల్ల దగ్గరా ఇలాగే సేత్తావా? పెద్దల్లుడూ అంతే. మాకు తెలీకుండా ఉంటే సాలనుకున్నాడు.”

అందరూ లోపలికి వెళుతుంటే పెద్దమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చి నా కాలిన వేళ్ల మీద పోసింది. అంతకు ముందు ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

“బాబూ, నా ప్రకటనలప్పుడు నాకు తెలుసు,” అంది, ఎవరికీ వినబడకుండా. “ఆయన తాగి ఉండగా అంతకు ముందే ఒకపాలి సూసేను. మూడు వారాలూ అయ్యగారు అడిగేరు. నాన్న పరువు పోద్దని నాను లేవలేదు. ఇప్పుడు అయ్యగారు మళ్లీ సదువుతారు. ఇంకేటన్నా ఉంటే నాకు సెప్పీ. తరవాత తెలిత్తే నా సెల్లి బతుకు నాలాగే అయిపోద్ది.”

“ఒకటుందండి వదినగారూ,” అన్నాను. “నాకు కరెంటు పని రాదు.”

“అది అందరికీ తెలుసు,” అంది ఆవిడ. “ఇంకేటీ లేదా?”

“లేదండి.”

కొంచెంసేపు నా మొహంలోకి చూసి, ఖాళీ చెంబుతో లోపలికి వెళ్లిపోయింది.

పాస్టరుగారు ప్రకటన మొదటి నుంచి చదివారు. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని మళ్లీ అడిగారు. ఈసారి ఎవరూ దగ్గలేదు. మావయ్యగారు నా వైపు చూడలేదు. ఆడవాళ్ల వైపు తిరిగి, నాతో మాట్లాడి వచ్చిన పెద్దకూతురినే చూస్తున్నారు. నేనూ అటే చూశాను. ఆవిడ చెల్లెలి చెయ్యి పట్టుకుని, తండ్రి కళ్లలోకి సూటిగా చూస్తూ, కూర్చున్న చోటే కూర్చుని ఉంది.