తమ్ముని ఎత్తు బంగారం

మా దిక్కు మొక్కుల్లో బెల్లాన్ని బంగారం అంటారు. మనిషిని కాంటా మీద కూర్చోబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం దేవతకు ఇస్తే అది ఎత్తు బంగారం. తెలంగాణ వస్తే తన కొడుకు, అంటే నా తమ్ముడి ఎత్తు బంగారం గుట్ట మీది తల్లికి మోసుకొస్తానని మా అవ్వ మొక్కింది. ఆ చలికాలం ఒక రాత్రి రాష్ట్రం ఇస్తున్నామని టీవీలో చెప్పారు. నెల్లికుదురులో మా వాడంతా రోడ్డు మీదికొచ్చి ఆడింది. నెల తిరగకముందే ఆ మాట వెనక్కి పోయింది. మొక్కు మాత్రం మా నెత్తిన అట్లనే ఉంది.

తమ్ముడు అప్పుడు వరంగల్‌లో డిగ్రీ చదువుతూ, రాష్ట్రం కోసం ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. హాస్టల్ మూసేస్తే ఇంటికొచ్చాడు. రావడమైతే వచ్చాడు గాని మనిషి మనిషిలా లేడు. తిండి లేదు, మాట లేదు, పేరు పెట్టి పిలిస్తే పలకడు. హాస్టల్లో వాడి పక్క గది పిలగాడు రాష్ట్రం కోసమని ప్రాణం తీసుకున్నాడు. ఆ సంగతి కూడా వీడు చెప్పలేదు, పేపర్లో ఫొటో చూసి మేమే తెలుసుకున్నాం. వీడూ అదే పని చేస్తాడేమోనని అవ్వకూ నాకూ ఒకటే భయం. బాపు పోయి అప్పటికి చాలా ఏళ్లు. నేను రఘునాథపల్లిలో అత్తగారింటి నుంచి వచ్చి వాడికి కావలి కూర్చున్నాను. స్నానానికి పోయి కాస్త ఆలస్యం చేస్తే చాలు, పోయి తలుపు కొట్టేదాన్ని.

సరిగ్గా అప్పుడే మొక్కు చెల్లిద్దామని కూర్చుంది అవ్వ. నాకు ఒళ్లు మండింది.

"రాష్ట్రమే రాలే. దేనికవ్వా మొక్కు?"

"ఇస్తమన్నరా లేదా? తల్లికి మాటిచ్చిన నేను. ఢిల్లోళ్ల లెక్క మాట మారుస్తనా?"

ఆ ముక్కకు తమ్ముడి పెదవి కొంచెం కదిలింది. నవ్వే అనుకొని నేను ఒప్పేసుకున్నాను.

గుట్ట భూపాలపల్లి అవతల, అవ్వ పుట్టినూరి పక్కన. బస్సులు బందైన రోజులు కాబట్టి ఆటోలు మారుకుంటూ ముందు రోజే చేరాం. పొద్దున్నే ఆ ఊరి కిరాణా సాహెబు దగ్గర, బస్తాలు జోకే కాంటా మీద తమ్ముణ్ని కూర్చోబెట్టాం. వాడు గోడ దిక్కు ముఖం పెట్టుకున్నాడు. అవ్వ అనుకున్నంత బెల్లం పట్టలేదు. "నీ కాంటా దొంగది" అని సాహెబు మీద పడింది.

"కాంటా బరాబరే ఉంది చెల్లె. పోరడే సగమైండు" అన్నాడు ఆయన మెల్లగా.

అవ్వ ఇంకొన్ని ముద్దలు వేయించింది. "ముందు వాడెట్లుండెనో గంత ఇస్త" అంది.

మూడు గోనె సంచులు చేసి, పెద్దది తమ్ముడు ఎత్తుకున్నాడు. మంచులో గుట్ట ఉందో లేదో కూడా తెలియలేదు. వాన లేదు గాని చెట్లన్నీ కారుతున్నాయి. బండల మీద కాలు పెడితే జారుతోంది. చెమ్మకు బెల్లం ఊరి, గోనెలోంచి నా మెడ మీదికి జిగటగా దిగుతోంది. ఈ తల్లికి కూర్చోవడానికి ఎక్కడా చదును దొరకలేదా అని గొణుక్కుంటూనే ఎక్కాను. అవ్వ విన్నది, లెంపలేసుకోమంది. సంచి పట్టుకున్న చేతులతో లెంపలెట్లా వేసుకోవాలన్నాను.

తమ్ముడు ముందు నడుస్తున్నాడు. కనబడకపోయినా వాడి చెప్పుల చప్పుడు వినబడుతుండె. అవ్వకు ఆయాసమొచ్చి కాసేపు కూర్చున్నాం. లేచేసరికి చప్పుడు లేదు. ఇంకొంచెం ఎక్కితే ఒక పలక బండ మీద వాడి సంచి కనిపించింది. వాడు లేడు. ఆ బండకు ఎడమ పక్క గుట్ట నిలువుగా తెగి ఉంటుంది, కింద అన్నీ రాళ్లే. పొద్దున అవ్వే చెప్పింది, ఆ పక్కకు పోవద్దని.

పేరు పెట్టి అరిచాను. "కొడుకా, ఓ కొడుకా" అని అవ్వ అరిచింది. ఏ సడీ లేదు. అరిచి అరిచి అక్కడే కూలబడ్డాను.

అవ్వ కొంగు నడుముకు చుట్టుకుంది. మంచులోకి తిరిగి ఒక్క కేక పెట్టింది.

"జై తెలంగాణా!"

ఆ మాట అవ్వ నోట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. రాష్ట్రానికని మొక్కినా, ఆ నినాదం వల్లే కొడుకు చేజారిపోతున్నాడని దానిమీద ఆమెకు కోపం. రెండోసారి ఇంకా గట్టిగా అరిచింది. ఎడమ పక్క నుంచి, ఆ తెగిన అంచు దిక్కు నుంచి, బొంగురు గొంతు పలికింది.

"జై తెలంగాణ."

అవ్వ ఆపలేదు. అంటూనే ఉంది, వాడు పలుకుతూనే ఉన్నాడు. గొంతు దగ్గరైంది. ముందు మఫ్లర్ కనిపించింది, తర్వాత వాడు. కొట్టడానికి లేపిన నా చెయ్యి వాడి భుజం మీద ఆగిపోయింది.

"గింతసేపు పేరు పెట్టి పిలిస్తే ఎందుకు పలకలేదురా?"

"ఏమో అక్కా. వినబడ్డది. పలకబుద్ధి కాలే. గా మాట మాత్రం నోట్లె ఆగలే."

అవ్వ అక్కడే సంచుల మూతులు విప్పడం మొదలుపెట్టింది. గుడి ఇంకా పైన ఉందన్నాను. "నా కొడుకు పలికింది ఈడ" అంది. బంగారమంతా ఆ బండ మీద పేర్చి, మంచుకే చేతులు జోడించింది.

"తల్లీ, రాష్ట్రానికని మొక్కిన. అదెప్పుడొస్తదో నాకు తెల్వది. గిది వీని కోసం తీసుకో."

అప్పుడు ఏడ్చాడు తమ్ముడు. ఇంటికొచ్చాక అదే మొదటిసారి. దిగినంతసేపూ అవ్వ వాడి చొక్కా అంచు వదల్లేదు.

కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు వాడికి పెళ్లాం, పిల్లలు, పొట్ట. నేను ఎక్కిరిస్తే నవ్వుతాడు. కాని ఆ రోజు సంచి దించి ఆ అంచు దిక్కు ఎందుకు పోయాడో నేను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని నా భయం.