తలవైపు ఇనుము

గుంటూరు బ్రాడీపేటలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టాయనతో నాకు బేరం దగ్గర పోట్లాడే అలవాటుంది. నేను మంచినీళ్ళ పైపుల దగ్గర ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రోడ్లు ఎత్తు చేసినప్పుడల్లా వాల్వు మూతలు మట్టికింద పడిపోయేవి. వాటిని వెతకడానికి ఉద్యోగంలో మెటల్ డిటెక్టర్ వాడేవాళ్ళం. రిటైరయ్యాక అలాంటిదే పాతదొకటి సొంతానికి కొనుక్కున్నాను. మిరపకోతల్లో ఆడవాళ్ళకి చెవికమ్మలు జారిపోతాయి, పత్తి చేలో ఎవరిదో ఉంగరం పడిపోతుంది. ఫోన్ వస్తే మిషను భుజాన వేసుకుని బస్సెక్కుతాను.

ఇలా ఊళ్ళమీద తిరిగేవాడికి మిషనుకంటే స్పేరు సామాను ముఖ్యం. చేను మధ్యలో వైరు తెగిందంటే ఎంత గొప్ప మిషనైనా చేతికర్రతో సమానం. ఒకసారి నేలమీద ఆడించే కాయిల్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ బోల్టు విరిగిపోతే, ఆ ఊళ్ళో సైకిల్ షాపువాడు అభిమానంగా ఇనప బోల్టు బిగించి ఇచ్చాడు. ఇక చూడండి, మిషను తన బోల్టుని చూసి తానే సాయంత్రం దాకా కూసింది. అప్పట్నుంచీ చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని పెట్టుకోలేదు. ముందే ఆలోచించి, ఏది ఎక్కడ విరుగుతుందో ఊహించుకుని సంచీ సర్దుకుంటాను.

మొన్నటేడు ఎండాకాలంలో సర్దుకున్న సంచీ మాత్రం ఎవరి కమ్మల కోసమూ కాదు. మా అమ్మ కోసం.

నాన్న అప్పటికి మంచంలో ఉన్నాడు. వయసులో యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసిన మనిషి, తుంటి విరిగాక లేవలేదు. ఆ ఏడు తిండి కూడా తగ్గిపోయింది. డాక్టరు నాతో విడిగా మాట్లాడిన రోజు, నాన్న మంచంలోంచే అంతా విన్నట్టున్నాడు.

"ఒరే అబ్బాయ్, నన్ను ఇక్కడ గుంటూరులో పెట్టబాక. ఊరు తీసకపోయి మీ అమ్మ పక్కన పెట్టు. అంతకుమించి నాకేం వద్దు" అన్నాడు.

మా ఊరు పర్చూరు దాటాక లోపలికి ఉంటుంది. నల్లరేగడి నేల. మేం క్రైస్తవులం. కూలిపని చేసుకునే కుటుంబాలు, ఊరి చివర ఒక చర్చి, దానికి అవతల సమాధుల స్థలం. అమ్మ నా చిన్నప్పుడే పురిట్లో పోయింది. పుట్టిన ఆడపిల్ల కూడా దక్కలేదు. ఇద్దర్నీ ఒకే పెట్టెలో, పిల్లని అమ్మ చేతిమీద పడుకోబెట్టి పూడ్చారట. నాకు ఆ రోజు ఎవరో పెట్టిన బెల్లంముక్క తప్ప ఏమీ గుర్తులేదు. తల్లి పోయిన రోజు బెల్లం రుచి గుర్తుండటమేమిటని ఇప్పటికీ నామీద నాకు కోపం వస్తుంది.

రాయి పెట్టించే స్తోమత అప్పుడు లేదు. నాన్న నాటిన కర్ర సిలువని చెదలు తినేశాయి. ఆ తర్వాత ఆయన మట్టిదిబ్బని చూసి గుర్తుపట్టేవాడు. ఏటా సమాధుల పండగకి ఒక్కడే వెళ్ళి దిబ్బ సరిచేసి, సున్నం చల్లి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చేవాడు. ఆయన మంచాన పడ్డాక ముళ్ళతుమ్మలు పెరిగి స్థలమంతా చిట్టడవైపోతే, చర్చి పెద్దలు డోజరు పెట్టి చదును చేయించారు. మంచికే చేశారు. దిబ్బలన్నీ పోయాయి.

ఆ సంగతి చెబితే నాన్న కంగారుపడలేదు. దగ్గరికి రమ్మని గొంతు తగ్గించాడు.

"నేనొకటి చేశాలే. ఎవరికీ చెప్పలా. మీ అమ్మ తలకాడ బండిపట్టా ముక్క పాతా. ఇనుం కదా, యాడికిబోద్ది? నీ మిషను పట్టుద్దిగా?"

ఎడ్లబండి చక్రానికి చుట్టూ వేసే ఇనప కట్టును మావైపు బండిపట్టా అంటారు. ఎందుకు పాతావని అడిగితే, "పెట్టాలన్నారు, పెట్టా" అని అటు తిరిగి పడుకున్నాడు. ఎంత లోతు అంటే, మూరెడు అన్నాడు. నాకు అంతే చాలు. ఉద్యోగమంతా ఊళ్ళవాళ్ళ నీళ్ళ మూతలు వెతికినవాణ్ణి, మా అమ్మని వెతకలేనా అనుకున్నాను.

కొట్టాయన రెండు కాయిల్స్ బల్లమీద పెట్టాడు. ఒకటి పళ్ళెమంత, ఒకటి సాసరంత.

"పెద్దది లోతుకి పోద్దండి. కాకపోతే పక్కపక్కన రెండు ఇనుములుంటే రెంటినీ కలిపి ఒకటే కూత పెడుద్ది. చిన్నది అంత లోతు పోదుగానీ దేనికదే విడదీసి చెప్పుద్ది. ఏ నేలండీ?"

"సమాధుల దొడ్డి."

ఇక ఆయన బేరం దగ్గర పోట్లాడలేదు. ఆ రోజు నేను అడక్కుండానే వైరు కొసలు రెండుసార్లు పరీక్షించి ఇచ్చాడు.

నేను రెండూ తీసుకున్నాను. డోజరు పైన ఎంత మట్టి తోసిందో తెలియదు కాబట్టి పెద్దది. అలాంటి చోట మేకులు, కొవ్వొత్తులు పెట్టిన డబ్బాలు ఉంటాయి కాబట్టి చిన్నది. ప్లాస్టిక్ బోల్టులు, సెల్లుల పెట్టెకి స్ప్రింగులు, ఇంకో వైరు, ఎండలో చెమటకి పాడవుతాయని ఇంకో హెడ్‌ఫోన్. పెళ్ళికి వెళ్ళేవాడిలా సర్దుకున్నాను. నిజం చెబితే సంతోషంగా కూడా ఉన్నాను. పెద్దయ్యాక అమ్మకోసం నేను చేస్తున్న మొదటి పని అది.

ఊళ్ళో మా మేనత్త ఉంది. నాన్నకి చెల్లెలు, భర్త పోయాక పుట్టిన ఊరికే తిరిగొచ్చింది. గొడుగు వేసుకుని నాతో వచ్చింది. "ఈ వరసలోనేరా, ఆ గోడకీ ఇక్కడికీ మజ్జెన. అంతకుమించి నాకు ఆనవాలు తెలవట్లా" అంది. నేల ఎండకి నెర్రెలు విచ్చి ఉంది. పెద్ద కాయిల్‌తో మొదలుపెట్టాను. కాసేపటికే మోగింది. సన్నగా కాదు, నిండుగా. పెద్ద ఇనుము ఉంటేనే ఆ కూత వస్తుంది. గునపంతో తవ్వితే మూరెడు లోపే తగిలింది. తుప్పు పట్టి, కాస్త వంపు తిరిగిన బండిపట్టా ముక్క.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఇంత వయసొచ్చి, అత్త ముందర, పసివాడిలా ఏడ్చాను. అమ్మా అని పైకి పిలిచాను. ఆ మాట నా నోటికి అలవాటు లేదు, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్త మాత్రం ఆ ముక్కనే చూస్తూ నిలబడింది.

పక్కన నాన్నకి చోటుందో లేదో చూద్దామని మిషను ఇంకాస్త పక్కకి జరిపాను. మళ్ళీ అదే కూత. రెండింటి కూతా కలిసిపోతోందేమోనని చిన్న కాయిల్ బిగించాను. అది కొట్టాయన చెప్పినట్టే విడదీసి చెప్పింది. ఇక్కడొకటి. మూడడుగులవతల ఇంకొకటి. తవ్వితే అక్కడా బండిపట్టా ముక్కే. గోడవైపు మరొకటి.

"ఇదేంటత్తా?" అన్నాను.

అత్త గొడుగు కింద పెట్టేసింది.

"బాలింతగా పోయినదాని తలకాడ ఇనుం పెట్టకపోతే పిల్లకోసం ఇంటికి తిరిగొచ్చుద్దనేవాళ్ళురా. పాస్టరుగారికి తెలిస్తే కేకలేస్తాడని, ఆయన ప్రార్థన చేసి పోయినాక ఎవురికివాళ్ళు గుట్టుగా పెట్టుకునేవాళ్ళు. ఊళ్ళో ఒకడే కమ్మరి. ఎవురడిగినా పాతపట్టా కోసి ఇచ్చేవాడు."

"ముందే చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"నీ మిషను మనుషుల్ని పట్టుద్దనుకున్నా గదరా. ఇనుమని తెలిస్తే చెప్పకపోదునా?" అని అత్త కూడా ఏడ్చింది.

అంటే మా నాన్న ఒక్కడే దాచాననుకున్న రహస్యాన్ని ఆ వాడలో భార్య పురిట్లో పోయిన ప్రతి మగవాడూ దాచాడు. ఎవరికివారు తామొక్కళ్ళమే పెట్టామనుకుని, అదే ఆనవాలనుకుని, నోరు మూసుకుని బతికారు. మిషను మోగినచోటల్లా ఒక పత్తికట్టె గుచ్చుకుంటూ పోయాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే వరసంతా కట్టెలే. ఒక్క చిన్న వాడలో ఇంతమంది పురిట్లో పోయారని ఎవరూ ఎప్పుడూ అనుకోగా నేను వినలేదు. ఆస్పత్రికి బండి లేక, దారి లేక, అడిగే దిక్కు లేక పోయినవాళ్ళు. వాళ్ళలో ఒకతె మా అమ్మ. ఏ కట్టె కింద ఉందో తెలియదు.

ఇంకా లోతుగా తవ్వలేకపోయాను. తవ్వినా ఏం చూసి గుర్తుపడతాను? అమ్మ చేతిమీది పిల్ల కూడా ఈపాటికి మట్టిలో కలిసిపోయుంటుంది. తీసిన ముక్కల్ని ఎక్కడివక్కడ పెట్టి మట్టి కప్పేశాను. మిషను మాత్రం చక్కగా పనిచేసింది. తెచ్చిన స్పేర్లలో వైరుగానీ బోల్టుగానీ వాడే పనే పడలేదు. ఏదో ఒకటి పాడై, మొదటి ముక్కతోనే ఆగిపోయుంటే ఎంత బాగుండేదో.

గుంటూరు వచ్చేదాకా బస్సులో అబద్ధం సాధన చేశాను. నాన్న మంచం దగ్గర కూర్చుని, "దొరికింది నాన్నా, పట్టా ముక్క దొరికింది" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. నా చేతులు పట్టుకుని తడిమాడు, ఆ మట్టి ఇంకా గోళ్ళలో ఉందేమోనని. ఆ తర్వాత నా గొంతులో ఏం వినిపించిందో, "ఏరా, గట్టిగా చెబుతున్నావా? మీ అమ్మేనా?" అన్నాడు.

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. అది చాలింది ఆయనకి. మిగతాది కూడా చెప్పించుకున్నాడు. అంతా విని కళ్ళు మూసుకున్నాడు.

"అయితే వద్దులేరా. ఎవురి భార్యో ఏమో. పరాయి ఆడమనిషి పక్కన నన్ను పడుకోబెట్టబాక. మర్యాద కాదు" అన్నాడు.

అంతా పోయినవాళ్ళే కదా నాన్నా, ఏమవుతుంది అన్నాను. "పోతే మాత్రం?" అని కసిరాడు. దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

వానలు పడకముందే పోయాడు. చెప్పినట్టే, కట్టెలు గుచ్చిన వరసకి దూరంగా, దారివైపు ఎవరూ లేనిచోట గుంట తవ్వించాను. అమ్మ అక్కడికి ఎంతో దూరంలో లేదు. కేకేస్తే వినిపించేంత దూరం. అన్నేళ్ళు ఎదురుచూసి అంత దూరమూ వచ్చి, ఆయన ఒంటరిగానే పడుకున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన ముగించారు. అందరూ తలా గుప్పెడు మట్టి వేశారు. అప్పుడు మా అత్త గుంట దగ్గర్నుంచి లేచి కట్టెలు గుచ్చిన నేలవైపు నడిచింది. ఎటు తిరిగి పిలవాలో తెలియక ఒకసారి గోడవైపు, ఒకసారి ఇటువైపు తిరిగింది. ఆఖరికి మధ్యలో నిలబడి, నేలంతటికీ వినపడేలా గొంతెత్తింది.

"వదినా, మా అన్నొచ్చాడే! యాడున్నావే వదినా, ఒక్కసారి పలకవే!"