పడవకు నీళ్ళు పట్టిన వారం

ఎనభైల చివర్లో నేను బాపట్లలో లెక్కల మాస్టారిని. ఒక వేసవి సెలవుల్లో నిజాంపట్నం పక్కన ఉండే మేనమామ నుంచి కబురొచ్చింది, పాత పడవ బయటకు తీస్తున్నాం, రమ్మని. ఉత్తచేతులతో వెళ్ళడం నాకు చేతకాదు. తెనాలిలో దిగి, పడవ సందులు పూడ్చడానికి ఒక డబ్బా తారు, నూలు ఉండలు కొన్నాను. రేపల్లె రైలు దిగేసరికి తారు నా చొక్కాకూ అంటింది, పక్కాయన పంచెకూ అంటింది. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

మామయ్య ఆరేళ్ళుగా మోటారు బోట్ల మీద పనికి వెళ్తున్నాడు. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. ఇక తన తెరచాప పడవలోనే ఒడ్డు దాపున వల వేసుకుంటానన్నాడు. అత్తయ్య ససేమిరా అంది. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర కాపలా పని కూడా చూసిపెట్టింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పడవ పనికొస్తుందని పడవలు చేసే మేస్త్రి అంటే సముద్రం, లేదంటే కాపలా కుర్చీ. ఆ కుర్చీలో మామయ్యను ఊహించుకుంటేనే నాకు దిగులేసింది.

పడవ తాటాకు పాక కింద బోర్లా ఉంది. చెక్కలు ఎండిపోయి సందులు తెరుచుకున్నాయి. లోపలికి దూరి చూస్తే ఎండ గీతలు గీతలుగా పడుతోంది. మర్నాడు మేస్త్రి వచ్చి ఇది చూస్తే ఇంకేముంది, కుర్చీయే! మామయ్య ఊళ్ళోకి వెళ్ళిన సమయం చూసి, నూలు తారులో ముంచి సందుల్లో ఉలితో దిగ్గొట్టాను. సాయంత్రానికి ఒక వైపంతా పూర్తయింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మేస్త్రి పడవ చుట్టూ తిరుగుతూ నా పనితనం దగ్గర ఆగాడు.

“ఇదెవరి పనండి?”

“నాదే,” అన్నాను, కాస్త గర్వంగానే.

“ఎండిన చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుద్ది మాస్టారూ. సందులో ఇట్టా కుక్కిపెడితే అదెక్కడికి పోవాలి? పలకలు పగిలిపోతాయి. ముందు నీళ్ళు, తర్వాత నూలు. తీసెయ్యండి మొత్తం.”

“పిల్లలకి లెక్కలు కూడా ఇట్టాగే చెప్తావా అల్లుడూ?” అన్నాడు మామయ్య. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను దబ్బనంతో నూలు పీకుతుంటే, మేస్త్రి ప్రతి పలకనూ సుత్తితో తట్టి విన్నాడు. అడుగున ఒకచోట చప్పుడు మెత్తగా వచ్చింది. నా చేతిలో దబ్బనం తీసుకుని అక్కడ గుచ్చితే సగం దిగిపోయింది. పుచ్చిన ఆ ఒక్క పలకనూ మార్చి, పడవను వెల్లకిలా తిప్పించి, “ఇక నీళ్ళు పోయండి, మిగతాది అదే చెప్పుద్ది,” అని వెళ్ళిపోయాడు.

కాలవ నుంచి బిందెలు మోశాం. పోసినవి పోసినట్టే కారిపోయాయి. రెండో రోజూ అంతే. మామయ్య మొహం చూడలేకపోయాను. మూడో రోజు పొద్దున్నే లేచి వెళ్తే, నాకంటే ముందే అత్తయ్య అక్కడ బిందెతో ఉంది.

“నీకు ఇష్టం లేదుగా అత్తా?”

“లేదు. అయితే మాత్రం, నీళ్ళు సరిగ్గా పోయకుండా పనికిరాదంటే తప్పు కదయ్యా.”

ఆవిడ మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

అయిదో రోజు పోసిన నీళ్ళు పోసినట్టే నిలిచాయి. ఒక కాకి వచ్చి అంచున కూర్చుని తాగింది. మేస్త్రి మళ్ళీ వచ్చి చూసి, “పడవ గట్టిది మామా,” అన్నాడు. మామయ్య నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అత్తయ్య ఇంట్లోకి వెళ్ళి తెరచాప మూట తెచ్చి పడేసింది. ఇన్నాళ్ళూ దాన్ని దుగ్గిరాలలో వాళ్ళ అక్కకు పసుపు కొమ్ములు ఎండబెట్టుకోవడానికి ఇచ్చిందట. విప్పితే గుడ్డంతా పచ్చగా ఉంది.

“ఇదేంటే!” అన్నాడు మామయ్య.

“ఎంత ఉతికినా పోలేదు. పోకపోవడమే మంచిది. మోటారు బోట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. దేన్లో ఉన్నావో తెలీక ఆరేళ్ళు అన్నిటికీ ఎదురుచూశాను. ఇదైతే దూరం నుంచే కనపడుద్ది.”

ఆ సెలవులయ్యేదాకా ఆవిడతోపాటు ఒడ్డున నిలబడ్డాను. నీళ్ళ మీద పసుపు కనిపించగానే ఆవిడ పొయ్యి వెలిగించడానికి ఇంటికి వెళ్ళేది.